నాభి దొరికిపోయింది, ఈశ్వరి దొరకలేదు

ఆయుర్వేద పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా, రేపటి నుంచి మీ ఎదుట కూర్చునే రోగుల్లో చాలామంది అనే మాట ఒకటుంది: “ఆకు మందే కదండీ, మేలు చేయకపోయినా కీడు చేయదు.” ఆ మాట ఆయుర్వేదం ఏనాడూ అనలేదు.

నాభి సంగతే చూడండి. ఆ దుంపలోని అకోనిటిన్ గుండె లయ తప్పించి గంటల్లో ప్రాణం తీయగలదు. అందుకే పూర్వ వైద్యులు దాన్ని గోమూత్రంలో నానబెట్టో, పాలలో ఉడకబెట్టో శుద్ధి చేశాకే మందులో కలిపారు. ఉడికేటప్పుడు ఆ విషం విడిపోయి తీవ్రత బాగా తగ్గుతుందని రసాయనశాస్త్రం తరవాత తేల్చింది. నల్లజీడికి ఇటుకపొడితో శుద్ధి ఉంది, ముషిణి గింజకు మరో పద్ధతి ఉంది. పొద్దున తిన్నవాడు సాయంత్రానికి పడిపోతే కారణం ఎవరికైనా తెలుస్తుంది. అనుభవం నేర్పే జాగ్రత్త అలా పుడుతుంది.

పదేళ్ల తరవాత చంపే విషాన్ని ఆ అనుభవం పట్టుకోగలదా?

1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లోని ఒక క్లినిక్‌లో సన్నబడటానికి చైనా మూలికలు కలిపిన మందు వాడిన ఆడవాళ్లకు వరసగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 1993లో అక్కడి వైద్యులు ఈ సంగతి లాన్సెట్ పత్రికలో బయటపెట్టారు. బాధితులు వంద దాటారు. స్టెఫానియా వేరు ఉండాల్సిన చోట అరిస్టలోకియా వేరు చేరింది. చైనా భాషలో ఒకదాని పేరు ఫాంగ్ జీ, రెండోదాని పేరు గువాంగ్ ఫాంగ్ జీ. కథ అక్కడితో ఆగలేదు. పాడైన మూత్రపిండాలను ముందుజాగ్రత్తగా తీయించుకున్న 39 మందిలో 18 మందికి మూత్రనాళాల్లో కాన్సర్ ఉన్నట్టు 2000లో వెల్లడైంది.

పేర్లు తారుమారయ్యాయని సరిపెట్టుకోవచ్చు. తైవాన్‌లో ఆ సాకు కూడా లేదు. 2003లో నిషేధం వచ్చేదాకా అక్కడి సంప్రదాయ వైద్యులు అరిస్టలోకియా ఉన్న మందులను పద్ధతి ప్రకారమే రాశారు. జనాభాలో సుమారు మూడో వంతు మందికి అవి అందాయి. మందు తాగిన ఏడాదికీ కణితి కనిపించిన ఏడాదికీ మధ్య ఏళ్ల ఎడం ఉంటే ఏ వైద్యుడు ముడి వేయగలడు? శతాబ్దాల వాడకం ఇక్కడ భద్రతకు సాక్ష్యం కాలేకపోయింది.

ఆ మొక్క మనకు పరాయిదీ కాదు. పాముకాటుకు పల్లెల్లో వాడుతూ వచ్చిన ఈశ్వరి, చేలగట్ల మీద పెరిగే గాడిదగడప, రెండూ ఆ కుటుంబానివే. రెండింట్లోనూ అరిస్టలోకిక్ ఆమ్లం ఉంది. దాన్ని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో కాన్సర్ కలిగించేదిగా తేల్చి మొదటి వర్గంలో పెట్టింది.

లోహాల గొడవ వేరు. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో పద్నాలుగింటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉన్నట్టు 2004లో బయటపడింది. ఇక కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిందని ముంబయి వైద్యులు 2021లో రాశారు. అది అసలు తిప్పతీగ కాకపోవచ్చునని ఆయుష్ శాఖ వాదించింది. నిజమే కావచ్చు. కానీ ఏ తీగో తేల్చి చెప్పాల్సిన బాధ్యత రోగిది కాదు.

ఆయుష్ మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ వ్యవస్థ 2018 నుంచి పనిచేస్తోంది. రోగి ఏ వేరు, ఎక్కడ కొని, ఎన్నాళ్లు వాడాడో అడగండి. అనుమానం వస్తే మందు ఆపించి కిడ్నీ, లివర్ పరీక్షలు చేయించండి. ఆ వివరాలు రాసి పంపండి. అది మీ గురువులు రాసిన మందైనా సరే.