అక్కర తీరిన దీపం

(కార్తిక దీపోత్సవ సందర్భంగా మన ఆలయ సభామండపంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సాయంసంధ్యలో ధ్వజస్తంభం మొదలుకొని కోనేటి మెట్ల వరకు దీపాలు బారులు తీరి వెలుగుతున్నాయి. వాటిని మీ చేతులతో వెలిగించి వచ్చి ఇక్కడ ఆసీనులయ్యారు. ఇటువంటి వేళ, గృహాలలో విద్యుత్తును పొదుపుగా వాడుకోవడాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా ధర్మకర్తలు నన్ను ఆదేశించారు. దీపాలు వెలిగించే మాసంలో దీపాలు ఆర్పడాన్ని గురించి మాట్లాడడమేమిటని మొదట నాకు సంకోచం కలిగింది. ఆ సంకోచాన్ని తీర్చినది మా నాయనమ్మ జ్ఞాపకం.

నా చిన్ననాట మా ఊరికి కరెంటు లేదు. నెలకొకసారి కార్డు మీద ఇచ్చే కిరోసిన్‌తోనే ఇల్లు గడవాలి. పొద్దు వాలగానే నాయనమ్మ అరుగు మీద కూర్చుని లాంతరు గాజును మెత్తని బూడిదతో తుడిచేది. మసి పట్టిన గాజు లోపల చమురెంత మండినా వెలుగు బయటికి రాదని చెప్పేది. పిల్లలమంతా ఆ ఒక్క లాంతరు చుట్టూ చేరి చదువుకునేవాళ్ళం. పుస్తకాలు మూయగానే వత్తి తగ్గించేది. దేవుని దీపానికి మాత్రం ఏనాడూ లోటు చేయలేదు. అయితే ఆమె నోట ‘దీపం ఆర్పు’ అన్న మాట నేను వినలేదు. ‘కొండెక్కించు’ అనేది. మీ ఇళ్ళలోనూ పెద్దలు అలాగే అని ఉంటారు. ఆర్పడమంటే అమంగళం. అక్కర తీరిన దీపాన్ని మర్యాదగా సాగనంపడం మాత్రం గృహస్థు పనే. గాజు తుడవడం, ఒకే దీపం చుట్టూ చేరడం, పని తీరగానే వత్తి తగ్గించడం అనే ఈ మూడు అలవాట్లలోనే, ఇంధన పొదుపు పేరిట నేడు మనకు చెబుతున్న సూత్రాలు చాలావరకు ఇమిడి ఉన్నాయి.

నేను పండితుణ్ణి కాను. విద్యుత్ శాఖలో 30 ఏళ్ళకు పైగా కొలువు చేసి విశ్రాంతి పొందినవాణ్ణి. అందులో చాలాకాలం ఒక 33/11 కె.వి. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా ఉన్నాను. ఒక్కొక్క ఫీడరు మీద ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో గంటగంటకూ లాగ్ బుక్కులో రాయడం నా విధులలో ఒకటి. సాయంత్రం ఆరు దాటితే ఆ అంకెలు మెట్లెక్కినట్లు పెరిగేవి. ఇళ్ళలో దీపాలు, ఫ్యాన్లు, టీవీలు, నీళ్ళ మోటార్లు ఒక్కసారిగా మొదలయ్యేవి. రాత్రి పది దాటితే గాని ఆ జోరు తగ్గేది కాదు.

విద్యుత్తు ధాన్యం వంటిది కాదు. గాదెలో పోసి, కావలసినప్పుడు తీసుకుందామంటే వీలయ్యేది బహు స్వల్పం. ఏ క్షణాన ఎంత వాడతామో ఆ క్షణాన అంత ఉత్పత్తి కావాలి. ఉత్పత్తి చాలకపోతే 50 హెర్ట్జ్ వద్ద నిలవవలసిన ఫ్రీక్వెన్సీ జారిపోతుంది. అప్పుడు పైనుంచి ఫోను వస్తుంది. ఫలానా ఫీడరు ఆపమని, ఫలానా గ్రూపుకు అర్ధరాత్రి తరువాత ఇమ్మని చెబుతారు. ఆపినా ఇచ్చినా అది నా చేతి మీదుగానే జరిగేది.

ఆ రోజుల్లో పొలాలకు కరెంటు వంతులవారీగా వచ్చేది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. మా చిన్నాన్న పొలం నేను పనిచేసే సబ్‌స్టేషన్ కిందనే ఉండేది. ఒక వేసవిలో చేను పొట్ట మీద ఉండగా పగటి వంతులో కోత పడింది. అర్ధరాత్రి పన్నెండు దాటాక ఆ ఫీడరుకు సరఫరా ఇచ్చి, లాగ్ బుక్కులో వేళ రాసి సంతకం చేశాను. చిన్నాన్న మోటారుకు ఆటో స్టార్టరు లేదు. కరెంటు వచ్చిందని తెలియగానే ఆయన బ్యాటరీ లైటు పట్టుకుని గట్ల వెంట నడిచి వెళ్ళారు. మోటారు షెడ్డు దగ్గర పాము కరిచింది. ఆసుపత్రికి చేరకముందే దారిలోనే ప్రాణం పోయింది.

తెల్లవారి నేను డ్యూటీ దిగి వెళ్ళేసరికి వాకిట్లో జనం ఉన్నారు. పిన్ని నన్ను ఒక్క మాటయినా నిందించలేదు. “రాత్రి కరెంటు ఇచ్చింది నువ్వేనా నాయనా?” అని మాత్రం అడిగింది. అవునన్నాను. ఆ తరువాత ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

ఎన్నో ఏళ్ళు ఆ ప్రశ్న నా వెంట నడిచింది. ఆ వేళను నిర్ణయించినవాణ్ణి నేను కాదు. ఫోను చేసిన వారు కూడా కాదు. ఆ వేసవి సాయంత్రాలలో లాగ్ బుక్కులో మెట్లెక్కిన అంకెలు నిర్ణయించాయి. ఆ అంకెలలో మా ఇంటి వాడకం కూడా ఉంది. ఆనాడు మా ఇంట్లో మనిషి లేని గదిలో ఫ్యాను తిరగలేదని స్వామి సన్నిధిలో ప్రమాణం చేయలేను. మా ఇంటి ఫ్యాను ఒక్కటి ఆగి ఉంటే చిన్నాన్న బ్రతికేవారని నేను అనను, అది సత్యం కాదు. కాని లెక్క వేసి చూడండి. లక్ష ఇళ్ళలో 75 వాట్ల ఫ్యాను ఒక్కొక్కటి వృథాగా తిరిగితే అది 7,500 కిలోవాట్ల భారం. ఐదు హార్స్‌పవర్ మోటార్లు దాదాపు 1,500 నడిచే శక్తి అది. కొరత ఆకాశం నుంచి ఊడిపడదు. అందులో కొంత మన ఇళ్ళలోని ఖాళీ గదులలోనే పుడుతుంది.

ఈనాడు పరిస్థితి ఎంతో మెరుగుపడింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటలు ఇచ్చే ఏర్పాటు వచ్చింది. పగలు సూర్యుడు కూడా మనకు విద్యుత్తు ఇస్తున్నాడు. అయితే సూర్యుడు అస్తమించాకే మన ఇళ్ళ వాడకం పెరుగుతుంది. ఆ సాయంత్రపు మెట్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఈ విద్యుత్తు ఎక్కడినుంచి వస్తున్నదో కూడా ఒకసారి స్మరించుకోవాలి. మల్లన్న దర్శనానికి శ్రీశైలం వెళ్ళినవారు పాతాళగంగకు దిగి స్నానమాడుతారు. ఆ కృష్ణమ్మే అక్కడ కుడిగట్టున 770 మెగావాట్ల కేంద్రాన్ని, ఎడమగట్టున 900 మెగావాట్ల కేంద్రాన్ని నడుపుతున్నది. తాగడానికీ సాగుకూ కావలసినది కూడా ఆ నీరే. ఇక దేశంలో విద్యుత్తులో ఎక్కువ భాగం బొగ్గు నుంచి వస్తున్నది. ఒక్క యూనిట్టుకు అరకిలోకు మించిన బొగ్గు కాలాలి. దారిలో తీగలలో కొంత నష్టమవుతుంది. కనుక ఇంటి వద్ద ఒక యూనిట్టు మిగిలిస్తే కేంద్రం వద్ద అంతకు మించి మిగులుతుంది.

యూనిట్టు అంటే వెయ్యి వాట్ల పరికరం ఒక గంట నడిస్తే అయ్యే ఖర్చు. పాత 60 వాట్ల బల్బు పదహారున్నర గంటలు వెలిగితే ఒక యూనిట్టు. అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్‌ఇడి బల్బు 111 గంటలు వెలిగితే గాని ఒక యూనిట్టు కాదు. 2015 జనవరి 5న ప్రారంభమైన ఉజాలా పథకం ద్వారా దేశంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఇడి బల్బులు పంచారు. అది గొప్ప మేలు. అయితే తక్కువ కాలుతుంది కదా అని, ఒక దీపం చాలినచోట నాలుగు వెలిగించే ఇళ్ళను కూడా నేను చూస్తున్నాను. బల్బుతోబాటు అలవాటు కూడా మారాలి.

మాతృమూర్తులారా, ఇంటి యాజమాన్యం మీది కనుక ముఖ్యమైనవి మనవి చేస్తాను.

పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల వరకే తీసుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగే చోట మారిస్తే నెలకు 16 యూనిట్ల వరకు మిగులుతుంది. అన్నీ ఒక్కసారి మార్చనక్కరలేదు. ఎక్కువ సేపు తిరిగే ఫ్యానుతో మొదలుపెట్టండి.

గీజరు 2,000 వాట్లది అయితే అరగంట కాలితే ఒక యూనిట్టు. వేసి మరచిపోతే నీరు కాగి ఆగుతుంది, చల్లారగానే మళ్ళీ కాలుతుంది. స్నానాలన్నీ ఒకరి వెంట ఒకరు ముగించుకుని స్విచ్చి ఆపివేయండి.

టీవీని రిమోటుతో ఆపితే పూర్తిగా ఆగినట్లు కాదు. సెట్ టాప్ బాక్సు మేలుకొనే ఉంటుంది. అది 10 వాట్లే తీసుకుంటుందనుకున్నా, రోజుకు 20 గంటలు ఎవరూ చూడకుండా ఉంటే నెలకు 6 యూనిట్లు. గోడ స్విచ్చి వద్దకు నాలుగు అడుగులు వేయడమే అందుకు పరిహారం.

ఏసీని 24 డిగ్రీల వద్ద ఉంచి, తోడుగా ఫ్యాను నెమ్మదిగా తిప్పుకోండి. ఒక్కొక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతున్నది. కొత్త పరికరం కొనేటప్పుడు ధరతోబాటు దాని మీది నక్షత్రాలను కూడా లెక్కపెట్టండి. ఏసీ జల్లెడ, ఫ్యాను రెక్కలు, ట్యూబులైటు మీది దుమ్ము తరచు తుడవండి. మా నాయనమ్మ లాంతరు గాజు తుడిచినది అందుకే.

ఫ్రిజ్జులో వేడి వేడి గిన్నెలు పెట్టకండి. తలుపు రబ్బరు పట్టు చూడడానికి ఒక కాగితం ముక్కను తలుపు సందున ఉంచి మూసి లాగండి. సులువుగా జారి వస్తే చల్లదనం కూడా అలాగే జారిపోతున్నదన్నమాట. పొయ్యి విషయంలో కూడా అంతే. పప్పు ముందుగా నానబెట్టడం, గిన్నె మీద మూత పెట్టడం, మరుగు రాగానే మంట తగ్గించడం మీకు తెలిసినవే. మన దేశం వాడే వంటగ్యాసులో సగానికి పైగా విదేశాల నుంచి కొనుక్కుంటున్నాము.

ఇంకొక మాట. వృద్ధుల గదిలో ఫ్యాను ఆపమని, బిడ్డ చదువుకు వెలుగు తగ్గించమని, రోగిని ఉక్కలో ఉంచమని నేను చెప్పడం లేదు. అది పొదుపు కాదు, పిసినారితనం. మనిషి ఉన్నచోట హాయిగా వాడుకోండి. మనిషి లేనిచోట ఆపండి.

సత్రాన్ని గురించి కూడా నిజం చెప్పాలి. విశ్రాంతి పొందినప్పటి నుంచి ఇక్కడి దీపాలు, మోటార్లు చూసుకునే సేవ స్వామి నాకు ప్రసాదించారు. తెల్లవారుజామున సుప్రభాత సేవకు యాత్రికులు వెళ్ళాక గదుల వెంట నడిచి చూస్తాను. సగానికి పైగా గదులలో తాళం లోపల ఫ్యాన్లు తిరుగుతూ ఉంటాయి. దర్శనానికి వచ్చిన తొందరలో మరచిపోతారు. నేను తప్పు పట్టను. కాని ఆ బిల్లు కట్టేది స్వామి సొమ్ముతోనే, అంటే ఇక్కడ కూర్చున్న దాతల సొమ్ముతోనే. ఎవరో ఒక తల్లి తన పెన్షనులో మిగిల్చి అన్నదానానికి పంపిన రూపాయి, ఖాళీ గదికి గాలి విసరడానికి పోకూడదు కదా. తిరుమలలో 2002లోనే అద్దాలతో సూర్యరశ్మిని ఒడిసిపట్టి, ఆ వేడితో ఆవిరి పుట్టించి భక్తులకు వంట చేసే ఏర్పాటు జరిగింది. షిరిడీలో కూడా అటువంటిది వచ్చింది. అంత పెద్ద పనులు దేవస్థానాలు చేస్తాయి. గది విడిచేటప్పుడు స్విచ్చి ఆపే పని మాత్రం మనమే చేయాలి.

చివరగా మీ అందరినీ ఒక చిన్న సంకల్పం కోరుతున్నాను. ఇంటికి చేరిన రాత్రి పడుకోబోయే ముందు మీటరు అంకెను చూసి క్యాలెండరు మీద రాసుకోండి. ఉదయం లేవగానే మళ్ళీ చూడండి. ఏడు రోజులు అలా రాస్తే మీ ఇల్లు ఎప్పుడు ఎంత వాడుతున్నదో ఎవరూ చెప్పనక్కరలేదు. పగటి వేళ అన్ని స్విచ్చులూ ఆపి మీటరు మీది ఎర్ర చుక్కను గమనించండి. అది ఇంకా మిణుకుమంటుంటే, ఏదో ఒకటి మీకు తెలియకుండా నడుస్తున్నదన్నమాట. ఆ వెతుకులాట పిల్లలకు అప్పగించండి. వారు తప్పక కనిపెడతారు. డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినం. ఆనాటికి ఈ అలవాటు మీ ఇంట స్థిరపడాలని నా ప్రార్థన.

మా పిన్ని ఇప్పుడు ఎనభై దాటినది. క్రిందటి కార్తికంలో దీపం వెలిగించడానికి ఇక్కడికి వచ్చి ఈ సత్రంలోనే రెండు రాత్రులు ఉన్నది. తిరుగు ప్రయాణం నాడు పెట్టె తీసుకుందామని గదికి వెళ్ళాను. ఫ్యాను ఆగి ఉంది. గీజరు ఆగి ఉంది. మంచం పక్కన నిలబడి చివరి దీపం స్విచ్చి కోసం గోడ తడుముతున్నది. నేను ముందుకు వెళ్ళబోతే వద్దని, తానే ఆపి, “కొండెక్కించాను, ఇక పద నాయనా” అన్నది. ఆనాటి ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన సమాధానం ఈ ఒక్క సేవేనని అప్పుడు నాకు తోచింది.

ఈ రాత్రి మీరు వెలిగించిన దీపాలు మీ ఇళ్ళలో మంగళాలు నింపుగాక. అక్కర తీరిన దీపాలను కొండెక్కించే జాగరూకతను స్వామి మనందరికీ అనుగ్రహించుగాక.

స్వస్తి.