రెండో గోల్‌కీపర్‌ని చూడు అన్నా

ఈ ఎపిసోడ్‌లో క్రికెట్ లేదు, ఫుట్‌బాల్ లేదు. హ్యాండ్‌బాల్. వెంటనే స్క్రోల్ చేసేయకండి. మీలో చాలామంది స్కూల్లో ఆడే ఉంటారు. మట్టి గ్రౌండ్‌లో సున్నంతో గీతలు, తుప్పు పట్టిన ఇనప గోల్‌పోస్ట్, నెట్ ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. గోల్ కొడితే బాల్ వెళ్లి పక్క పొలంలో పడుతుంది. ఆ ఆటే.

అదే ఆట కోసం దాదాపు 20 వేల మంది ఒక హాల్లో కూర్చుని గొంతు చించుకుని అరవడం నేను చూశాను. 2024 జనవరి 26, జర్మనీలోని కొలోన్ సిటీ, యూరోపియన్ చాంపియన్‌షిప్ సెమీఫైనల్. జర్మనీ, డెన్మార్క్. పక్కపక్క దేశాలు, పాత పోటీ. ఎంత పాతదంటే, ఈ ఆట పుట్టింది మా దగ్గరే అని రెండూ అంటాయి. డెన్మార్క్‌లో హోల్గర్ నీల్సన్ అనే టీచర్ 1898లోనే స్కూల్ పిల్లలతో ఆడించి, 1906లో రూల్స్ అచ్చు వేయించాడు. జర్మనీ వాళ్లని అడిగితే 1917 అక్టోబర్ 29 అంటారు. ఆ రోజు బెర్లిన్‌లో మాక్స్ హైజర్ అనే ఆయన రూల్స్ రాశాడు. ఎవరి కోసం రాశాడో తెలుసా? ఆడవాళ్ల కోసం. రెండేళ్ల తర్వాత కార్ల్ షెలెంజ్ అనే ఇంకొకాయన దాన్ని మగవాళ్లకి తగ్గట్టు మార్చాడు. మన దగ్గర "ఆడపిల్లకి హ్యాండ్‌బాల్ ఎందుకు" అనే వాళ్లకి ఈ ముక్క ఒకసారి చెప్పండి. నేను మా బాపుకి చెప్పాను. "అది బెర్లిన్ల, ఇది జగిత్యాల" అన్నాడు. సరే.

బాపు సంగతి ఎందుకొచ్చిందంటే మా చెల్లె గోల్‌కీపర్. అప్పుడు తొమ్మిదో క్లాసు. అండర్ 17 టీమ్‌లో ఉంది కానీ రెండో గోల్‌కీపర్. అంటే టోర్నమెంట్‌కి బస్సులో వెళ్తుంది, జెర్సీ వేసుకుంటుంది, బెంచ్ మీద కూర్చుంటుంది, మళ్లీ బస్సెక్కి వచ్చేస్తుంది. ఆ జనవరిలో బాపు నాకు ఫోన్ చేసి, "వచ్చే యేడు పదో తరగతి. ఆడనీయని ఆటకు పొద్దున ఐదింటికి లేసుడెందుకు? నీ మాట వింటది, నువ్వే జెర చెప్పు" అన్నాడు. ఆమెకి కూడా మానేయాలనే ఉంది. బాపు కోసం కాదు, బెంచ్ మీద కూర్చోలేక.

నేను ఆఖెన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. మా ల్యాబ్‌లో ఒక ఫ్రెండ్‌ది ఫ్లెన్స్‌బుర్గ్, జర్మనీకి పైన చివరన, డెన్మార్క్ బార్డర్‌కి ఆనుకుని ఉన్న ఊరు. అతని దగ్గర సెమీఫైనల్ టికెట్ ఒకటి మిగిలింది. కారణం రైలు డ్రైవర్ల సమ్మె. ఆ వారం జర్మనీ అంతా రైళ్లు దాదాపు బంద్, రావాల్సిన వాళ్లలో ఒకరు రాలేకపోయారు. టికెట్ దొరికిందని చెల్లెకి చెప్తే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "అన్నా, బాల్ వెంబడి చూడకు. గోల్‌కీపర్లను చూడు. ఆడేటోళ్లను కాదు, బెంచ్ మీద కూసున్న రెండో కీపర్ ఏం చేస్తడో చూసి చెప్పు."

మ్యాచ్‌కి వెళ్తూ నాకున్న పని అదొక్కటే.

ఆఖెన్ నుంచి బస్సులో వెళ్లాను. కొలోన్‌లో రైన్ నది దాటితే ఆ అరీనా కనిపిస్తుంది, పైన పెద్ద ఉక్కు ఆర్చ్ వేసి ఉంటుంది. ఊళ్లో వాళ్లు దానికి పెట్టుకున్న ముద్దు పేరుకి అర్థం ఏంటంటే, మన భాషలో టిఫిన్ క్యారేజీ. నిజంగానే పైన హ్యాండిల్ ఉన్న క్యారేజీలాగే ఉంటుంది! 2007లో జర్మనీ వరల్డ్ కప్ గెలిచింది కూడా ఇందులోనే, ఫైనల్లో పోలండ్ మీద. అందుకే జర్మన్లకి ఇది అచ్చొచ్చిన గ్రౌండ్ అని నమ్మకం. ఈ టోర్నమెంట్ మొదటి రోజైతే డ్యూసెల్డార్ఫ్‌లో ఫుట్‌బాల్ స్టేడియంలోనే కోర్టు పరిచి ఆడించారు. 53,586 మంది వచ్చారు, హ్యాండ్‌బాల్‌లో అది ప్రపంచ రికార్డు.

లోపలికి వెళ్లగానే నాకు ఒకటి వింతగా అనిపించింది. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఇక్కడ రెండు టీమ్‌ల ఫ్యాన్స్‌ని వేరువేరుగా కూర్చోబెడతారు, మధ్యలో పోలీసులు. ఇక్కడ అదేం లేదు. ఎర్ర జెర్సీ డేన్ పక్కనే తెల్ల జెర్సీ జర్మన్, వాళ్ల మధ్యలో ఒక చిన్నపిల్ల, బుగ్గ మీద చెరో జెండా. మన సినిమా ఫ్యాన్స్‌ని ఇలా కలిపి కూర్చోబెట్టడం ఒకసారి ఊహించుకోండి... వద్దులెండి.

నా పక్కన మా ఫ్రెండ్ వాళ్ల అమ్మానాన్న. దాదాపు ఆరు వందల కిలోమీటర్లు కారు నడుపుకుంటూ వచ్చారు. అంకుల్ జర్మనీ జెర్సీ, ఆంటీ డెన్మార్క్ స్కార్ఫ్. ఆమె జర్మన్ పౌరురాలే, కానీ డేనిష్ కుటుంబం, డేనిష్ స్కూల్లో చదివింది. ఆ ప్రాంతం కథ ఏంటంటే, 1864 యుద్ధంలో డెన్మార్క్ దాన్ని పోగొట్టుకుంది. 1920లో జనంతో ఓటు వేయించి బార్డర్ గీశారు. అటు కొందరు జర్మన్లు మిగిలారు, ఇటు కొందరు డేన్లు మిగిలారు. "ఇంట్లో గొడవ ఉండదా?" అని ఆంటీని అడిగాను. "రెండేళ్లకోసారి, జనవరిలో" అంది.

ఆటగాళ్ల సంగతి కూడా అంతే. జర్మనీ కెప్టెన్ గొల్లా, డెన్మార్క్ షూటర్ పిట్లిక్ ఇద్దరూ మామూలు రోజుల్లో ఫ్లెన్స్‌బుర్గ్ క్లబ్‌లో అప్పట్లో ఒకే జెర్సీలో ఆడేవాళ్లు. డెన్మార్క్ స్టార్ గిడ్సెల్ ఉండేది బెర్లిన్ టీమ్‌లో. ఇంకా పెద్ద కథ గోల్‌కీపర్లది. జర్మనీ గోల్‌లో ఆండ్రియాస్ వోల్ఫ్, డెన్మార్క్ గోల్‌లో నిక్లాస్ లాండిన్. వీళ్లిద్దరూ 2016 నుంచి 2019 దాకా కీల్ క్లబ్‌లో ఒకే గోల్‌ని పంచుకున్నారు. ఒకడు ఆడుతుంటే ఇంకొకడు బెంచ్. మూడేళ్ల తర్వాత వోల్ఫ్ పోలండ్ క్లబ్‌కి వెళ్లిపోయాడు. ఇది మా చెల్లెకి ముందే తెలుసు. నాకు అంకుల్ చెప్తే తెలిసింది.

మన మ్యాచ్‌కి ముందు అదే టికెట్ మీద ఫ్రాన్స్, స్వీడన్ సెమీఫైనల్. దాని గురించి ఒక్క నిమిషం చెప్పకుండా ఉండలేను. టైమ్ అయిపోయింది. స్వీడన్ 27, ఫ్రాన్స్ 26. ఫ్రాన్స్‌కి ఒక్క ఫ్రీ త్రో మిగిలింది. రూల్ ఏంటంటే, విసిరేవాడు తొమ్మిది మీటర్ల గీత బయట నిలబడాలి, ఒక పాదం నేల మీద నుంచి కదలకూడదు. ఎదురుగా గోడలాగా చేతులెత్తి స్వీడన్ వాళ్లు. వెనక గోల్‌కీపర్. వందకి తొంభై తొమ్మిది సార్లు ఇది లాంఛనమే, జనం అప్పటికే కోట్లు వేసుకుంటుంటారు. ప్రాండి అనే ఫ్రెంచ్ కుర్రాడు ఒళ్లు పక్కకి వంచి విసిరాడు. గోల్! పక్కనున్న స్వీడన్ ఆయన కోటు ఒక చెయ్యి తొడుక్కుని అలాగే ఉండిపోయాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఫ్రాన్స్ 34-30తో గెలిచింది. అతని పాదం కదిలిందని స్వీడన్ ఫిర్యాదు చేసింది, కొట్టేశారు.

ఇక రాత్రి ఎనిమిదిన్నరకి మనది. మన ఊళ్లో అప్పుడు రాత్రి ఒంటిగంట. చెల్లె పడుకుని ఉంటుంది, ఫోన్ ఎలాగూ బాపు దగ్గర. అందుకని నేను చూసింది చూసినట్టు వాయిస్ మెసేజ్‌లు పెట్టడం మొదలెట్టాను.

మొదటి మెసేజ్: "చెల్లే, మా సీటు నుంచి డెన్మార్క్ బెంచ్ వీపులే కనబడుతున్నాయి."

అంతే. నిజంగానే వీపులే కనిపించాయి. రెండో కీపర్ పేరు ఎమిల్ నీల్సన్. అప్పట్లో బార్సిలోనా క్లబ్‌కి ఆడేవాడు. అంటే వేరే ఏ దేశంలో పుట్టినా మొదటి కీపర్ అయ్యేవాడే, ఇక్కడ లాండిన్ ముందున్నాడు కాబట్టి బెంచ్. ప్రపంచంలోనే గొప్ప గోల్‌కీపర్లలో ఒకడి వెనక రెండో వాడిగా ఉండటం ఎలా ఉంటుందో, వీపు చూస్తే తెలియదు కదా.

మొదటి సగం జర్మనీది. వోల్ఫ్ గోల్‌లో చేతులు, కాళ్లు చాపి నిలబడితే మూడు మీటర్ల గోల్ అగ్గిపెట్టెలాగా కనిపించింది. హ్యాండ్‌బాల్ కీపర్‌కి గ్లవ్స్ ఉండవు, తెలుసు కదా? ఆరు మీటర్ల దూరం నుంచి గాల్లోకి ఎగిరి విసురుతారు. బాల్ వంద కిలోమీటర్ల స్పీడ్ దాటి వస్తుంది. చూసి ఆపడానికి టైమ్ ఉండదు. విసిరేవాడి భుజం చూసి ముందే దూకాలి. తగిలితే తగిలింది. హాఫ్ టైమ్‌కి జర్మనీ 14, డెన్మార్క్ 12. హాల్ ఊగిపోతోంది. అట్టముక్కల చప్పట్ల మోతకి ఆంటీ చెవుల్లో స్కార్ఫ్ కుక్కుకుంది. అంకుల్ మాత్రం నవ్వడం లేదు. "డెన్మార్క్ ఇంకా తాళం తియ్యలేదు" అన్నాడు. అది వాళ్ల సామెతో, ఆయన సొంతమో.

హ్యాండ్‌బాల్‌లో సబ్‌స్టిట్యూషన్ ఎలా జరుగుతుందో ఇక్కడ చెప్పాలి. క్రికెట్‌లో పన్నెండో ఆటగాడు నీళ్లు మోస్తాడు, ఫీల్డింగ్ చేస్తాడు, బ్యాట్ పట్టుకోలేడు. ఫుట్‌బాల్‌లో బయటికొస్తే మళ్లీ లోపలికి పోలేడు. ఇక్కడ లెక్కే లేదు. ఎన్నిసార్లైనా మారొచ్చు, రిఫరీని అడగనక్కర్లేదు, ఆట ఆపనక్కర్లేదు. పెనాల్టీలాంటి ఏడు మీటర్ల త్రో వస్తే, ఆ ఒక్క త్రో కోసం రెండో కీపర్ లేచొచ్చి, నిలబడి, మళ్లీ వెళ్లి కూర్చోవచ్చు. అంటే బెంచ్ మీదున్న కీపర్‌కి అరవై నిమిషాల్లో ఏ క్షణం అయినా పిలుపు రావచ్చు. ఒళ్లు చల్లబడితే పని అయిపోయినట్టే.

రెండో సగంలో లాండిన్ బదులు నీల్సన్ వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. వెనకాయన కూర్చోమని అరిచాడు.

వచ్చాక ఏం జరిగిందంటే, జర్మనీ షాట్లు ఆగిపోవడం మొదలైంది. ఒకటి, ఇంకొకటి. అంతకుముందు లోపలికి పోయిన బాల్సే అవి. ఒక్కో సేవ్‌కి డెన్మార్క్ అటు పరిగెత్తి గోల్ కొడుతోంది. రెండు గోల్స్ లీడ్ పోయింది, సమానం అయ్యింది, తర్వాత డెన్మార్క్ ముందుకెళ్లింది. ఆ హాల్ మెల్లమెల్లగా సద్దుమణగడం నేను విన్నాను. వేల మంది ఒకేసారి ఊపిరి బిగపడితే ఒక శబ్దం వస్తుంది, అది ఏ వీడియోలోనూ రాదు. ఫైనల్ స్కోర్ డెన్మార్క్ 29, జర్మనీ 26.

అంకుల్ జెర్సీ మీద స్వెటర్ వేసేసుకున్నాడు. ఆంటీ తన స్కార్ఫ్ తీసి, ఏమీ అనకుండా ఆయన మెడకి చుట్టింది. ఆయన తీయలేదు.

నేను చెల్లెకి ఆఖరి వాయిస్ మెసేజ్ బయట చలిలో నిలబడి పెట్టాను. రెండో కీపర్ మొదటి సగం అంతా నాకు కనబడలేదని, రెండో సగంలో మ్యాచ్‌ని తిప్పేశాడని. పొద్దున ఆమె నుంచి ఒకటే ప్రశ్న: "లాండిన్ ఏం చేసిండు, బయటికి వచ్చినంక?"

అటు చూడాలని నాకు తట్టనే లేదు, ఆమె అడగమన్నది రెండో కీపర్ గురించి కదా. తర్వాత అర్థమైంది. వాళ్ల టీమ్‌లో మొదటి కీపర్ ఆమె బెస్ట్ ఫ్రెండ్. తను లోపలికి వెళ్లాలంటే ఆ అమ్మాయి బయటికి రావాలి. ఐదింటికి లేవడం కష్టం కాదు, అసలు మెలిక ఇక్కడుంది. ఇది బాపుకీ తెలియదు, నాకూ తెలియదు. కీల్‌లో వోల్ఫ్, లాండిన్ మూడేళ్లు ఒకే గోల్ పంచుకున్న సంగతి ఆమె ఎందుకంత చదివిందో అప్పుడు తెలిసింది.

డెన్మార్క్ ఫైనల్లో ఫ్రాన్స్ చేతిలో 33-31తో ఓడిపోయింది, అదీ ఎక్స్‌ట్రా టైమ్‌లోనే. ఆగస్టు 11న పారిస్ ఒలింపిక్స్ ఫైనల్లో మళ్లీ ఇవే రెండు టీమ్‌లు, డెన్మార్క్, జర్మనీ. 39-26. అది పోటీ కూడా కాదు. దేశం తరఫున లాండిన్‌కి అదే చివరి టోర్నమెంట్. మన టైమ్ సాయంత్రం ఐదు. చెల్లె స్కోర్ చూస్తూ నాకు మెసేజ్‌లు పెడుతూనే ఉంది.

ఆమెకి "మానేయ్" అని నేను చెప్పలేదు, "ఆడు" అనీ చెప్పలేదు. ఏడు మీటర్ల త్రో రూల్ మాత్రం ఇంకోసారి చదివి పంపాను. ఆమె దాన్ని ఫ్రెండ్‌కి చూపించింది, ఇద్దరూ కలిసి పీఈటీ సార్ దగ్గరికి వెళ్లారు. ఇప్పుడు పదో తరగతి. బాపుతో ఒప్పందం ఏంటంటే పొద్దున గ్రౌండ్, సాయంత్రం స్టడీ అవర్. మొదటి కీపర్ ఇప్పటికీ ఆ ఫ్రెండే. ఏడు మీటర్ల త్రో పడితే మాత్రం ఆ అమ్మాయి పక్కకి పరిగెత్తుతుంది, మా చెల్లె లోపలికి వస్తుంది. ఇప్పటిదాకా పదకొండు పడ్డాయి, నాలుగు ఆపింది. ఒకటి ముక్కు మీద పడింది, దాన్నీ ఆపిన లెక్కలోనే వేసుకుంది.

మీ స్కూల్లో హ్యాండ్‌బాల్ ఆడేవాళ్లుంటే, ఏ పొజిషనో కింద రాయండి. కీపర్లయితే ముందు రాయండి, చెల్లె చదువుతుంది. ఉంటాను మరి.