కొల్లేరు గట్టు మీద టెలిస్కోపు పెడితే పనిచేస్తుందా?

తాడేపల్లిగూడెం నిట్‌లో చదివే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మన కొల్లేరు గట్టు మీదే పెద్ద టెలిస్కోపు పెట్టి, గాలి వల్ల వచ్చే వణుకుని అడాప్టివ్ ఆప్టిక్స్‌తో సరిచేసుకోవచ్చు కదా?" అని. మంచి ప్రశ్న.

ముందు ఆ వణుకేంటో మీ ఫోన్‌లోనే చూడొచ్చు. మే నెల మిట్టమధ్యాహ్నం చేపల చెరువు గట్టు మీద నిలబడి, ఫుల్ జూమ్ పెట్టి అవతలి గట్టు మీది కొబ్బరిచెట్టుని వీడియో తీయండి. చెట్టు నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంది. తెల్లవారుజామున తీస్తే చాలావరకు నిలకడగా ఉంటుంది. వేడి గాలి, చల్ల గాలి కలిసేచోట కాంతి కొంచెం కొంచెం వంగుతుంది, అంతే. నక్షత్రాలు మిణుకుమనేది కూడా ఇందుకే.

కాంతి ఎంత వంకరపోయిందో కొలిచి, దానికి విరుగుడుగా అద్దాన్ని వంచితే బొమ్మ బాగుపడుతుందని 1953లోనే హోరేస్ బాబ్‌కాక్ అనే అమెరికా ఖగోళ శాస్త్రవేత్త చెప్పాడు. అప్పట్లో అంత వేగంగా లెక్కకట్టే కంప్యూటర్ లేదు. ఇప్పుడుంది. సెన్సర్ కొలుస్తుంది, కంప్యూటర్ లెక్కేస్తుంది, పల్చటి అద్దం వెనకున్న యాక్చుయేటర్లు దాన్ని మైక్రాన్లలో నెడతాయి, లాగుతాయి.

ఎన్ని యాక్చుయేటర్లు కావాలి? డిజైన్ కష్టమంతా ఇక్కడే. మంచి కొండ మీద, కంటికి కనిపించే కాంతికి, సుమారు 10 సెంటీమీటర్ల గాలి ముక్క ఒకే తీరుగా ఉంటుందనుకోండి. 10 మీటర్ల అద్దానికి అడ్డంగా 100, నిలువుగా 100. అంటే పదివేలు! పైగా సెకనుకి 10 మీటర్ల గాలి వీస్తుంటే ఆ వంకర కొన్ని మిల్లీసెకన్లలోనే మారిపోతుంది. సెకనుకి వెయ్యిసార్లు దిద్దాలి. అందుకే ఇన్‌ఫ్రారెడ్‌కి వెళ్లారు. 2.2 మైక్రాన్ల దగ్గర అదే ముక్క దాదాపు 60 సెంటీమీటర్లు అవుతుంది, మూడొందల యాక్చుయేటర్లు సరిపోతాయి. హవాయిలోని కెక్ టెలిస్కోపుకి 349 పెట్టారు. ఆండ్రియా గెజ్‌కి 2020లో నోబెల్ తెచ్చిన పనిలో, అంటే మన గెలాక్సీ నడిమధ్య నక్షత్రాలు తిరిగే దారుల్ని గీయడంలో, దీని పాత్ర పెద్దది.

ఇక కొల్లేరు. ఇక్కడ ఆ ముక్క 10 కాకుండా 5 సెంటీమీటర్లే అనుకుందాం. యాక్చుయేటర్లు రెట్టింపు కాదు తమ్ముడూ, నాలుగు రెట్లు. వేగం రెట్టింపు. ఒక్కో ముక్క మీద పడే వెలుగు నాలుగో వంతు, కొలిచే టైము సగం. అంటే సెన్సర్‌కి అందేది ఎనిమిదో వంతు. అంత కాంతివంతమైన నక్షత్రం పక్కన ఉంటేనే పని జరుగుతుంది. కాబట్టి నా జవాబు: వద్దు. చెడ్డ గాలిని అద్దంతో కొనలేం.

అయితే ఇదే పరికరానికి మనకి ఇంకా దగ్గరి పని ఒకటుంది. కన్ను. కంటిపాపలోంచి లోపలి రెటీనాని చూడాలంటే కార్నియా, లెన్స్ వంకరలు అడ్డొస్తాయి. 1997లో రోచెస్టర్ యూనివర్సిటీలో లియాంగ్, విలియమ్స్, మిల్లర్ కేవలం 37 యాక్చుయేటర్ల అద్దంతో, బతికున్న మనిషి కంట్లో ఒక్కొక్క కోన్ కణాన్ని ఫోటో తీశారు. కంటి వంకరలు గాలిలా పరుగెత్తవు కదా, వెయ్యిసార్లు దిద్దక్కర్లేదు. షుగర్ లాంటి జబ్బుల నష్టాన్ని చూపు తగ్గకముందే పట్టుకోవాలన్నది ఆశ. ఇంకా ఎక్కువగా పరిశోధనలోనే ఉంది, మీలాంటివాళ్లకి బోలెడంత చోటుంది.

అన్నట్టు, ఆ రోచెస్టర్‌లోనే అంతకుముందు పనిచేసిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు వెనక్కొచ్చి, 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. ఆ పేరుగల సినిమా దర్శకుడు మన ఏలూరు పక్క సోమవరప్పాడు ఆయనే. కాకతాళీయమే, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

తమ్ముడూ, నీకో పని. చిన్న టెలిస్కోపు మూతికి రెండు కంతలున్న అట్ట పెట్టు, ఒక కంతకి పల్చటి ప్రిజం అతికించు. ఒకే నక్షత్రం రెండు చుక్కలుగా కనిపిస్తుంది. ఆ చుక్కల మధ్య దూరం ఎంత వణుకుతోందో వీడియోలో కొలిస్తే, గాలి ముక్క సైజు లెక్కకొస్తుంది. మంచు పట్టని రాత్రి కాలేజీ మేడ మీద ఒకసారి, కొల్లేరు గట్టు మీద ఒకసారి. రెండు నంబర్లూ నాకు పంపు.