పడిపోవడం చిన్న విషయం కాదు



సెరిబ్రల్ పాల్సీ అంటే మనలో చాలామందికి చిన్నపిల్లల జబ్బుగానే తెలుసు. పుట్టకముందో, కాన్పు సమయంలోనో, పసితనంలోనో మెదడుకు కలిగిన దెబ్బవల్ల ఇది వస్తుంది. 1861లో లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్ దీనిని వివరించారు. పోలియో వేరు, ఇది వేరు. ఇది అంటుకునేది కాదు. ఆ పిల్లలు పెరిగి పెద్దవాళ్ళవుతారు, ఉద్యోగాలు చేస్తారు, సంసారాలు నడుపుతారు. వాళ్ళు పడిపోతే ఏమవుతుందో మనం ఎప్పుడైనా ఆలోచించామా?

మెదడుకు తగిలిన దెబ్బ వయసుతో పెరగదు. పెరిగేది ఒంటిమీద భారం. బిగుసుకున్న కండరాలతో నడవడానికి ఎక్కువ శక్తి కావాలి. అందుకే ముప్పై, నలభై ఏళ్ళకే కొందరి నడక తగ్గుతుంది. కాలివేళ్ళు నేలకు రాసుకుంటాయి. వెనకనుంచి హారన్ మోగితే కొందరికి ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. పడేటప్పుడు చేతులు వెంటనే ముందుకు రాకపోతే దెబ్బ ముఖానికో తలకో తగులుతుంది. ఎముకలు బలహీనంగా ఉంటే విరుగుతాయి కూడా.

ఎముక అతుక్కున్నా భయం మిగిలిపోతుంది. మళ్ళీ పడతామేమోనని బజారు మానేస్తారు, పెళ్ళిళ్ళు మానేస్తారు. కదలిక తగ్గేకొద్దీ కాళ్ళ బలం ఇంకా తగ్గుతుంది, పడటం ఇంకా ఎక్కువవుతుంది. "పడతావ్, ఇంట్లోనే కూర్చో" అని మనం ప్రేమతో అనే మాటా ఇందుకు తోడవుతుంది. చివరికి పడ్డ సంగతి మనకు చెప్పడమే మానేస్తారు.

అది ప్రమాదం. ఇదివరకు లేనిది కొత్తగా తరచు పడుతుంటే, చేతుల్లో పట్టు తగ్గితే, మూత్రం ఆపుకోలేకపోతే, మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోతూ ఉండవచ్చు. సోమరితనమని కోప్పడక వెంటనే డాక్టరుకు చూపించాలి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద వచ్చిన నిరామయ బీమాలో చేరితే ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చుకు ఆసరా ఉంటుంది.

ఇంట్లో చేయదగినవి పెద్ద ఖర్చు పనులు కావు. స్నానాలగదిలో గోడకు గట్టి కడ్డీ, తడి లేని నేల, రాత్రి వెలుతురు. పడినవారిని చెయ్యి పట్టి లాగకూడదు. ఎలా లేపమంటారో వాళ్ళనే అడగాలి. తలకు దెబ్బ తగిలితే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ప్రజలు వచ్చిపోయే భవనాల్లోకి వికలాంగులు సులువుగా వెళ్ళగలగాలని 2016 చట్టం చెబుతోంది. చందాలు వేసుకుని హాళ్ళు కట్టుకునే మనకు, మెట్ల పక్కన ఒక ర్యాంపు, ఒక కడ్డీ బరువా? ఈ ఏడాదే మొదలుపెడదాం. ఇళ్ళల్లో కూర్చుండిపోయిన మన అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను వచ్చే సభకు మనమే పిలుచుకొద్దాం.