కారు నిలుపు చోటు – చదువుకొను చోటు

విశ్వవిద్యాలయమును నిర్మించువారు గ్రంథాలయమునకు, ప్రయోగశాలలకు, వసతి గృహములకు ముందుగా స్థలము చూతురు. కార్లు పెరిగిన దేశములలో ఆ స్థలమునకు మరియొక పోటీదారు బయలుదేరినది. కారు నడచునది గంటసేపు, నిలుచునది దినమంతయు. ఈ చిక్కును ఒక విద్యాపీఠము ఎదుర్కొన్న విధమును నేడు మనవి చేసెదను.

అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రమున స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము 1891లో ప్రారంభమైనది. అది 2000 సంవత్సరమున క్రొత్త భవనములకు అనుమతి కోరినప్పుడు, శాంటా క్లారా కౌంటీ ప్రభుత్వము సుమారు 20 లక్షల చదరపు అడుగుల విద్యాభవనములకు అంగీకరించుచు, ఒక నిబంధన పెట్టినది. రద్దీవేళలలో, ఉదయము లోనికి వచ్చు కార్లుగాని, సాయంకాలము వెలుపలికి పోవు కార్లుగాని అప్పటికన్న పెరుగరాదు. అనగా, క్రొత్త ప్రయోగశాల లేవవలెనన్న కొందరి కార్లు ఇంటివద్దనే నిలువవలెను!

కారు మానుడని హితబోధ చేసినంతమాత్రమున ఎవరు మానుదురు? స్టాన్‌ఫర్డు రెండు మార్గములను జంటగా త్రొక్కినది. మొదటిది, కారు నిలుపు స్థలమునకు రుసుము. ఉచితమనిపించు స్థలము నిజముగా ఉచితము కాదు. దాని వ్యయమును నడచివచ్చువాడు కూడ తెలియకయే భరించుచుండును. లాస్ ఏంజెలీస్ నగరమున ఆచార్యుడుగా నుండిన డొనాల్డు షూప్ 2005లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతినే విపులముగా చర్చించెను.

రెండవది, మానినవారికి సదుపాయము. రైలు స్టేషను నుండి విద్యాలయమునకు ఉచితముగా బస్సులు నడపిరి. పూర్వము ఆ దారిని బండిలాగిన గుఱ్ఱము పేరు మార్గరీట్. ఆ పేరే బస్సులకును పెట్టిరి. ఉద్యోగులకు రైలు పాసులిచ్చిరి. సైకిళ్లకు బాటలు వేసిరి. కారు లేక వచ్చినవారికి ఇంటివద్ద ఆపద సంభవించినచో, ఇల్లు చేరుటకు వాహనమును ఏర్పాటు చేసిరి. కారు మానుటకు జంకువానికి ఈ చిన్న భరోసా గొప్ప ధైర్యము.

2002లో నూటికి 72 మంది ఉద్యోగులు ఒంటరిగా కారులో వచ్చుచుండిరి. తరువాత పది పదిహేనేండ్లలో ఆ సంఖ్య ఇంచుమించు నూటికి 50కి దిగినది.

అయితే ఇందొక న్యాయవిచారణ కలదు. ఆ ప్రాంతమున ఇండ్ల అద్దెలు మిక్కిలి అధికము. ఆచార్యుడు దగ్గర నివసింపగలడు; గదులూడ్చు పనివాడు దూరమునుండి, బస్సులు తిరుగని వేళ రావలసియుండును. అతనికి రుసుము మాత్రమే విధించి బస్సు చూపకున్నచో, అది సంస్కరణము కాదు, శిక్ష. బస్సు నడపి రుసుము లేకున్నచో, ఆ బస్సు సగము ఖాళీగా పోవును. రెండును కలిసిననే ఫలితము.

కావున ఏ విద్యాలయాధికారులైనను కార్లకు క్రొత్తగా స్థలము చదును చేయించుటకు ముందు, తెల్లవారుజామున పనికి వచ్చువాని దారి ఎట్లున్నదో విచారింపవలెను. అతనికి బస్సు దొరకిన నాడు తక్కినవారిని కారు దిగుమని అడుగుటకు వారికి అధికారము కలుగును.