ఐర్లండు పల్లెసీమలో ప్రాచీన కట్టడములు
(రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఐర్లండు రాజధానియైన డబ్లిను నగరమునుండి ఉత్తరముగా కారులో బయలుదేరిన యాత్రికుడు సుమారు 50 కిలోమీటర్లు పోవునప్పటికి బోయిన్ నదీతీరము చేరును. అచ్చటను బండ్లు మన దేశమునందువలెనే ఎడమప్రక్కన నడచును గనుక మనవారికి తడబాటుండదు. దారికిరువైపుల పచ్చిక బయళ్ళు, గొఱ్ఱెలమందలు. ఆ పొలముల నడుమ న్యూగ్రేంజి అను మహాసమాధి కలదు. కారును అంతవరకు పోనీయరు. నదికి ఈవలనే నిలిపించి, నడకవంతెన దాటించి, బస్సులో తీసికొనిపోవుదురు.

ఈ కట్టడము క్రీ.పూ. 3200 ప్రాంతమునాటిది, ఈజిప్టులోని గీజా పిరమిడ్లకంటె ప్రాచీనము. ఇనుము మాట అటుండగా, కంచునైనను ఎరుగని సేద్యగాండ్రు దీనిని కట్టిరి. దిబ్బ వెడల్పు సుమారు 85 మీటర్లు. లోనికి 19 మీటర్ల ఇరుకుదారి, దాని తుద ఒక గది. రాతిమీద రాతిని కొంచెముకొంచెముగా లోపలికి జరుపుచు పేర్చి, శిఖరమున ఒక్క పలకతో మూసిరి. సున్నమన్నది లేదు. వాననీరు జారిపోవుటకై కప్పురాళ్ళమీద సన్నని కాలువలు చెక్కిరి. అయిదువేల యేండ్ల వానలకును ఆ గది పొడిగానే నిలిచినది. కట్టిన రెండవయేటనే కురియు మిద్దెలను ఎరిగినవారికి ఇది వింతగానే తోచును. ముఖభాగమున మెరయు తెల్లని పలుగురాతి గోడ మాత్రము త్రవ్వకముల పిమ్మట తిరిగి నిలిపినది. ఆదిలో అట్లే యుండెనా అని పండితులింకను వాదులాడుచున్నారు.

1699లో ఆ భూమి యజమాని బాటపనికి రాళ్ళు కావలసి, కూలీలచేత దిబ్బను త్రవ్వించెనని చెప్పుదురు. అప్పుడు ద్వారము బయల్పడెను. 1962 మొదలు 1975 వరకు మైకేల్ ఓ కెల్లీ అను ఆచార్యుడు అచ్చట శాస్త్రీయముగా త్రవ్వకములు జరిపెను. ఉదయభానుని కిరణములు లోపలి రాతిని తాకునని చుట్టుప్రక్కల జనులలో ఒక మాట వాడుకలో నుండెను. పామరుల మాటయని అతడు త్రోసివేయలేదు. 1967 డిసెంబరు 21వ తేదీ వేకువను ఒక్కడే గదిలో కూర్చుండెను. ద్వారముమీది చిన్న గవాక్షమునుండి సూర్యకిరణము ప్రవేశించి, దారి పొడవునను ప్రాకి, గదిని వెలిగించెను. ఏటేట ఆ దినములందు సుమారు 17 నిమిషములు ఆ వెలుగు నిలుచును.

అచ్చటినుండి నావన్ పట్టణముమీదుగా పోయినచో తారా కొండ వచ్చును. ప్రాచీన రాజుల పట్టాభిషేక స్థలమిది. నేడు చూచువానికి గడ్డిమొలచిన మట్టికట్టలు, నిలువురాయి ఒకటి, అంతే. 1843 ఆగస్టు 15న డేనియల్ ఓకానెల్ స్వపరిపాలన కోరుచు ఇచ్చటనే మహాసభ జరిపెను. ఆ తేదీ మనకును ప్రియమైనదే. 1899లో కొందరు యూదుల పవిత్రమందసము ఇందున్నదని నమ్మి కొండను త్రవ్వ మొదలిడగా, 1902లో దానిని నిరసించుచు పత్రికకు లేఖ వ్రాసిన వారిలో కవి యేట్సు ఒకడు. రవీంద్రుని గీతాంజలి ఆంగ్లప్రతికి పీఠిక వ్రాసినవాడితడే.

నూరేండ్లకు మరియొక త్రవ్వకము వచ్చినది. తారాకు సుమారు 2 కిలోమీటర్ల దూరమున పెద్దరహదారి తలపెట్టిరి. నిత్యము డబ్లినుకు పనులకు పోవువారికి అది అవసరమనుట అబద్ధము కాదు. దానిని వేరొక వైపునకు మరలింపవచ్చుననుటయు అబద్ధము కాదు. 2007లో లిస్మల్లిన్ వద్ద, రహదారి పోవలసిన చోటనే, ఇనుపయుగమునాటి కొయ్యస్తంభముల వలయపు జాడలు బయల్పడినవి. వలయము వెడల్పు సుమారు 80 మీటర్లు. ప్రభుత్వము దానిని జాతీయ కట్టడముగ ప్రకటించెను. కొలతలు తీయించి, వివరములు వ్రాయించి, పిమ్మట బాటను సాగనిచ్చెను. 2010 జూనులో రహదారి తెరువబడెను.

తారానుండి డబ్లినుకు మరలు యాత్రికుని కారు సాధారణముగా ఆ రహదారినే పట్టును. నడుమ సుంకము కూడ చెల్లింపవలెను.