కంప్యూటరులో అంటుమామిడి



ఎ.కొండూరు ప్రాంతమువారికి మామిడిని గూర్చి నేను చెప్పవలసిన దేమియు లేదు. టెంక నాటిన మొక్క తల్లిచెట్టు గుణమును నిలుపునని నమ్మరాదు. అంటు కట్టినది నిలుపును. నూజివీడు చిన్నరసము రుచి తన తోటలోను కావలెననువాడు టెంకను దాచుకొనడు, అంటును దెచ్చుకొనును. నేటి ప్రసంగమునకు ఈ పోలిక యొక్కటి చాలును.

గడచిన వేసవిలో నా పూర్వవిద్యార్థి యొకడు మా అరుగుపై కూర్చుండి ఊరి పుస్తకములకై ఒక వెబ్ అప్లికేషను సిద్ధము చేసెను. ఏ పుస్తకము ఎవరి యొద్ద నున్నదో అది తెలుపవలెను. వాని కంప్యూటరులో చక్కగా నడిచినది మిత్రుని కంప్యూటరులో అడుగైనను కదలదాయెను. కారణమేమి? పైథాన్ భాష ఒకని యొద్ద క్రొత్త వెర్షను, వేరొకని యొద్ద పాతది, డేటాబేసులును అట్లే. వ్రాసిన ప్రోగ్రాము ఒక్కటే, నేల వేరు. ఇదియే టెంక నాటుట.

దీనికి అంటు కట్టు విద్య కంటైనరు. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ కాలిఫోర్నియాలోని పైథాన్ సభలో ‘డాకర్’ అను పనిముట్టును లోకమునకు చూపెను. అది పనిచేయు విధమిది. ఏ వెర్షను కావలెనో, ఏయే సామగ్రి ఏ క్రమమున చేర్పవలెనో ‘డాకర్‌ఫైలు’ అను చిన్న పత్రమున వ్రాయుదురు. దాని వలన నేర్పడునది ఇమేజి, అది తల్లిచెట్టు. ఇమేజినుండి లేచునది కంటైనరు, అది అంటు. అప్లికేషనుకు ఒక కంటైనరు, డేటాబేసుకు ఒక కంటైనరు కావలెనన్నచో రెండింటిని ‘కంపోజ్’ ఫైలులో వ్రాసి, ఒక్క ఆజ్ఞతో లేపవచ్చును. పిమ్మట బ్రౌజరులో ‘లోకల్‌హోస్ట్’ అని కొట్టి చూచుకొనుటయే. సర్వరు ఎక్కడనో లేదు, తన యింటనే యున్నది.

కంటైనరనగా మరియొక పూర్ణమైన కంప్యూటరు కాదు. లినక్స్ కెర్నలును అన్నియు పంచుకొనును. ఎవరి కంచె వారిది. అందుచేత భారము తక్కువ. ఇమేజిని తొలిసారి దింపుకొనుటకు ఇంటర్నెట్టు చాల వలయును. మన పల్లెలలో సిగ్నలు చాలనిచో తిరువూరిలో దింపి, ఫైలుగా కట్టి, పెన్‌డ్రైవుపై తెచ్చుకొనవచ్చును. అయితే రెండు యంత్రముల ప్రాసెసరులు ఒకే జాతివై యుండవలెను. మామిడి అంటు మామిడిపైననే గదా అతుకును!

ఒక నిదర్శనము చెప్పెదను. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. దానిని నడుపు మీడియావికీ సాఫ్ట్‌వేరుతోపాటే డాకర్ కంపోజ్ ఫైలు లభించును. మన ఊరి విద్యార్థి దానిని ఇంట నెలకొల్పి, 8080 పోర్టున తెరచి, చెడగొట్టి, మరల బాగుచేసి నేర్వవచ్చును. లోకము చదువు వికీపీడియాకు వెంట్రుకవాసి హానియు కలుగదు.

ఇక జాగ్రత్తలు. నేను చెప్పిన బాలుడు కంటైనర్ల పద్ధతి నేర్చి, వారము దినములు కూర్చుండి మూడువందల పుస్తకముల పేర్లు ఎక్కించెను. ఒకనాడు పాత కంటైనరును తొలగించి క్రొత్తది లేపెను. పట్టిక శూన్యము! కంటైనరు పోయినచో దానిలోపల వ్రాసినదియు పోవును. వాని కన్నుల నీరు తిరిగెను. డేటాబేసు వ్రాతలను ‘వాల్యూము’ అను వేరు స్థలమున నుంచి యుండినచో, మొక్క పోయినను గాదెలో పంట నిలిచియుండెడిది. మరల వారము దినములు వానితో నేనును కూర్చుండి పేర్లు చదివి చెప్పితిని.

రెండవ జాగ్రత్త ఇంతకంటె గొప్పది. మన మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధితో బాధపడువారు ఎందరో కలరు. రేపొక బాలుడు వారికి మేలు చేయు వెబ్‌సైటు కట్టదలచె ననుకొనుడు. సాధనకై వారి నిజనామములను, వ్యాధి వివరములను తన యంత్రమునకు తెచ్చుకొనరాదు. కల్పిత నామములతో సాధన చక్కగా సాగును. పాస్‌వర్డులను ఇమేజిలో నుంచరాదు. ఇమేజి చేతులు మారినచో రహస్యమును చేతులు మారును.

పెద్దలారా! మీరు ఈ విద్య నేర్వనక్కరలేదు. ఇంటి పిల్లవానిని మూడు ప్రశ్న లడుగుడు: “నీవు కట్టిన విధమంతయు ఫైలులో వ్రాసితివా? వ్రాతలను కంటైనరు వెలుపల దాచితివా? ఒరుల గుట్టు నీ యంత్రములో లేదు గదా?” మూడింటికి సరియైన జవాబు చెప్పినచో, వాడు తెరముందు కూర్చుండి కట్టుచు కూల్చుచున్నను పొద్దు పుచ్చుచున్నాడని కసరకుడు. ఇంట చెడగొట్టి నేర్చినవాడు బయట పదిమంది పనిని చెడగొట్టడు.